బెణికిన కాలికి మూడు రోజులు

ఖరగ్‌పూర్‌లో కాలు బెణికితే చెప్పుకోవడానికి భాషల కొరత లేదు. మనం బెణికింది అంటాం. పక్క క్వార్టర్స్‌లోని బిహారీ కుటుంబం మోచ్ వచ్చిందంటుంది. మందుల షాపు కుర్రాడు బెంగాలీలో మొచ్‌కే గేఛే అంటాడు. వైద్యం మాత్రం అందరిదీ ఒకటే. వేడి నూనె పోసి గట్టిగా మర్దన చెయ్యడం, ఒక నొప్పి బిళ్ళ మింగడం, తెల్లారేసరికి మళ్ళీ పరుగుకో పనికో పోవడం. కొత్తగా తగిలిన దెబ్బకు మొదటి రెండు మూడు రోజులు మర్దన పనికిరాదు, కాపడం పనికిరాదు, నొప్పిని బిళ్ళతో అణిచి ఆ కాలి మీదే పరుగెత్తడం అసలే పనికిరాదు. అంటే మనం ఎంతో ప్రేమగా చేసే మూడు పనులూ వాపును పెంచేవే.

ఈ అలవాటు మనకు ఊరకే రాలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను వేసి, వర్క్‌షాపు కట్టిన రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల నుంచి మన తాతముత్తాతలు కూలికి వచ్చారు. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా బతికారు. పట్టాలు మోశారు, బొగ్గు ఎత్తారు. పనికి పోని రోజు కూలి లేదు. అందుకే ఆ తరానికి నొప్పి ఒక కబురులా వినపడలేదు, ఒక అడ్డంకిలా కనపడింది. “పనిలో పడితే అదే పోద్ది” అనే మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. మరీ భరించలేకపోతే అమృతాంజనం. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన ఆ పసుపు లేపనం మన ఇళ్ళలో మూడు నాలుగు తరాలుగా ఉంది. పట్టేసిన మెడకు, అలసిన పిక్కకు అది హాయినిస్తుంది. చర్మం చురుక్కుమంటే లోపలి నొప్పి కాసేపు మరుగున పడుతుంది. తెగిన నరాన్నీ సాగిన కట్టునూ అది బాగుచెయ్యదు. గీరుకుపోయిన చర్మం మీద, పుండు మీద ఏ లేపనమూ రాయకూడదు.

నేను డాక్టర్ను కాను. లా చదువుకుని, కోర్టు కన్నా వీధుల్లోనే ఎక్కువ తిరిగినదాన్ని. కుల ధ్రువపత్రం, పెన్షను, నష్టపరిహారం కాగితాల కోసం జనం మా ఇంటికి వస్తారు. ఈ మధ్య కాగితాలతో పాటు కుంటుతున్న కాళ్ళు కూడా వస్తున్నాయి. కారణం రైల్వే గ్రూప్ డి దేహదారుఢ్య పరీక్ష.

రాతపరీక్ష దాటినవాళ్ళకు ఈ పరీక్ష ఉంటుంది. మగపిల్లలు 35 కిలోల బరువును కింద పెట్టకుండా 100 మీటర్లు 2 నిమిషాల్లో మొయ్యాలి. 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడపిల్లలకు 20 కిలోలు, అంతే దూరం, అంతే సమయం. పరుగు 1000 మీటర్లకు 5 నిమిషాల 40 సెకన్లు. ఒక్కటే అవకాశం. ఏడాదంతా కుర్చీలో కూర్చుని రాతపరీక్షకు చదివిన పిల్లలు ఫలితం రాగానే గోనెసంచిలో ఇసుక నింపుకుని మైదానానికి పరుగెడతారు. మా నేల ఎర్ర మొరం నేల. ఎండాకాలంలో సిమెంటులా గట్టిపడుతుంది, వానాకాలంలో గుంతలు పడుతుంది. ఏడాది కదలని ఒంటిని ఒక్క వారంలో గుర్రం చెయ్యాలని చూస్తారు. ధోనీ 2001 నుంచి కొన్నేళ్ళు టికెట్ కలెక్టరుగా పనిచేసిన ఊరు ఇది. ఆట వల్ల బతుకు మారుతుందని ఇక్కడి పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఆ ఆశే నొప్పిని దాచిపెట్టమంటుంది.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మర్నాడో, రెండో రోజో తొడలు, పిక్కలు రెండు కాళ్ళలోనూ ఒకేలా నొప్పి పెడితే, మెట్లు దిగేటప్పుడు ఎక్కువగా తెలిస్తే, అది దెబ్బ కాదు. అలవాటు లేని పనికి కండరం ఇచ్చే జవాబు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా పెరిగి, వారంలోపు తగ్గిపోతుంది. కండలో ఆమ్లం పేరుకుపోవడం వల్ల ఈ నొప్పి వస్తుందని ఇప్పటికీ చాలామంది కోచ్‌లు చెబుతారు. ఆ లాక్టిక్ ఆమ్లం పరుగు ఆపిన గంట రెండు గంటల్లోనే రక్తంలోంచి తొలగిపోతుంది. మర్నాటి నొప్పికి కారణం కండరపు పోగుల్లో పడే సన్నటి చీలికలు. ఈ నొప్పికి నెమ్మదిగా నడవడం, తేలికగా కదలడం, వేణ్నీళ్ళ స్నానం, కంటినిండా నిద్ర చాలు. రెండో రోజు మొదటి రోజుకన్నా తక్కువ చెయ్యాలి, అంతే.

ఇలా కాక ఒకే చోట, ఒకే క్షణంలో, కలుక్కుమని మొదలైతే అది దెబ్బ. అక్కడ వాపు వస్తుంది, కమిలినట్టు నల్లబడుతుంది. దాని దారి వేరు.

మా వీధిలో ఒక అమ్మాయికి ఈ దెబ్బే తగిలింది. తండ్రి కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. తల్లి రెండిళ్ళలో వంట చేస్తుంది. పరీక్షకు ఇంకా ఐదు వారాలుంది. ఇసుక సంచి భుజాన వేసుకుని నడుస్తూ గుంతలో అడుగు వేసింది. కాలు లోపలికి మడతపడింది. నేను వెళ్ళేసరికి చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాచింది. నాయనమ్మ ఆముదం వేడి చేసి పట్టుకొచ్చింది.

“ఏటవుతాది తల్లీ, నూనె రాసి నాలుగు సార్లు నులిమితే రేపటికి లెగుస్తాది” అంది.

నూనె గిన్నె పక్కన పెట్టించాను. పిల్లను ఆసరా లేకుండా నిలబడమన్నాను. కుంటుతూనే నాలుగడుగులు వేసింది. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల కొననూ వెనక అంచునూ వేలితో నొక్కాను. పాదం మధ్యభాగంలో లోపలివైపు ఎముకనూ, చిటికెనవేలి వైపు బయటి ఎముకనూ నొక్కాను. ఎముక మీద నొప్పి లేదు, ఎముక ముందున్న మెత్తటి భాగంలోనే ఉంది. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. కెనడాలోని ఒట్టావాలో డాక్టర్ ఇయాన్ స్టీల్ బృందం 1992లో ప్రకటించిన నియమాలు ఇవి. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, ఆ ఎముకల మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. రెండూ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. చిన్నపిల్లల విషయంలో, తాగి ఉన్నవాళ్ళ విషయంలో, షుగర్ వల్ల పాదం తిమ్మిరెక్కినవాళ్ళ విషయంలో ఈ పరీక్షను నమ్ముకోకుండా డాక్టరుకు చూపించాలి.

ఆ తర్వాత చెయ్యాల్సింది సులువు. కాలి మీద బరువు మోపకుండా చూడాలి. పలుచటి తువ్వాలులో ఐసు ముక్కలు చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టాలి, రెండు మూడు గంటలకొకసారి, మొదటి రోజో రెండు రోజులో. ఐసు నేరుగా చర్మానికి తగిలితే చర్మం మాడుతుంది. ఫ్రిజ్ లేని ఇంటికి చేపల బజారు ఉంది. బెంగాల్లో చేపలవాడి దగ్గర ఐసుకు కరువుండదు. అదీ దొరక్కపోతే కుండనీళ్ళలో తడిపిన గుడ్డ. సాగే క్రేప్ బ్యాండేజీని కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ రావాలి. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే వదులు చెయ్యాలి. పడుకున్నప్పుడు కాలిని రెండు దిళ్ళ మీద, గుండెకన్నా ఎత్తులో ఉంచాలి.

ఐసు గురించి వైద్యుల్లోనే వాదన ఉంది. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే నాలుగు మాటల సూత్రాన్ని అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్ 1978లో ప్రచారంలోకి తెచ్చారు. ఆయనే 2014లో, ఐసూ పూర్తి విశ్రాంతీ ఎక్కువైతే మానడం ఆలస్యం కావచ్చని రాశారు. వాపు కూడా ఒంటి మరమ్మతులో భాగమే. అందుచేత ఐసును నొప్పి తగ్గించడానికి మాత్రమే, కొద్దికాలమే వాడాలి. కాలిని నెలరోజులు మంచానికి కట్టేయడం కూడా వైద్యం కాదు.

నొప్పి బిళ్ళల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మా పిల్లలు వాటిని పిప్పరమెంట్లలా మింగుతున్నారు. కాలేయ జబ్బు లేని పెద్దవాళ్ళకు చీటీ మీద రాసిన మోతాదులో పారాసెటమాల్ చాలా సందర్భాల్లో సరిపోతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో పుండు పడొచ్చు, రక్తం పోవచ్చు. చెమటోడ్చి, నీళ్ళు తాగని ఒంట్లో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బీపీ, కిడ్నీ జబ్బు, అల్సరు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడక్కుండా వాటిని ముట్టుకోకూడదు. రెండు రంగుల రెండు బిళ్ళల్లో ఒకే మందు ఉండొచ్చు, పేరు చదవాలి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే బిళ్ళ వేసుకుని పరుగెత్తడం. కాలు ‘ఆగు’ అంటున్నా వినపడకుండా చేసుకోవడమది.

ఇంటి వైద్యానికి హద్దు కూడా ఉంది. కాలో చెయ్యో ఆకారం మారితే, టప్పుమని శబ్దం వచ్చి వెంటనే బలం పోతే, తిమ్మిరి ఎక్కితే, కీలు వాచి జ్వరం వస్తే, గంటగంటకూ నొప్పి పెరిగి కండ రాయిలా బిగుసుకుంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. విపరీతమైన వ్యాయామం తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది అత్యవసరం. కాలి ముందరి ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి రాత్రిళ్ళు కూడా బాధిస్తే ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు, పరుగు ఆపి చూపించుకోవాలి. నడివయసువాళ్ళకు ఛాతీలో, ఎడమ భుజంలో, దవడలో నొప్పి వస్తే అది కండ పట్టేయడమని ఇంట్లో కూర్చోకూడదు.

ఇవన్నీ ఆ పిల్లకు చెప్పాను. మూడు రోజులు కాలు కింద మోపొద్దు, ఆ తర్వాత చూద్దాం అన్నాను. పరీక్ష గురించి అడుగుతుందనుకున్నాను.

“మూడ్రోజులా అత్తా! మరి నీళ్ళెవరు తెస్తారు?” అంది.

ఆ ఇంట్లో కుళాయి లేదు. వీధి పంపు నుంచి పొద్దున, సాయంత్రం బిందెలు మోసేది ఆ పిల్లే. తల్లి వంటపనికి వెళ్ళాక ఇంటి వంట, గిన్నెలు, నాయనమ్మ మందులు కూడా ఆమెవే. స్వీయసంరక్షణ గురించి రాసే ప్రతి పుస్తకంలోనూ మొదటి మాట విశ్రాంతి. ఐసు పది రూపాయలకు దొరుకుతుంది, కట్టుగుడ్డ మందుల షాపులో దొరుకుతుంది. విశ్రాంతి ఏ షాపులోనూ దొరకదు. ఒకరు కూర్చోవాలంటే వాళ్ళ బరువును ఇంకొకరు అందుకోవాలి. జీతం కోత లేకుండా సెలవు దొరికే ఉద్యోగికి ఈ సంగతి తట్టదు. రోజుకూలికి, ఇంటి ఆడపిల్లకు మొదట తట్టేది ఇదే.

వినయ పిటకంలోని మహావగ్గలో సోణ కోళివీసుడి కథ మనలో చాలామందికి తెలుసు. చంపా నగరపు ధనవంతుల బిడ్డ, నేల మీద కాలు పెట్టకుండా పెరిగినవాడు. భిక్ఖువై, రాజగృహం దగ్గర సీతవనంలో చంకమణం మొదలుపెట్టి, అరికాళ్ళు చిట్లి దారంతా రక్తమయ్యేదాకా నడిచాడు. ఇంత చేసినా ఫలితం లేదని ఇంటికి తిరిగిపోదామనుకున్నాడు. బుద్ధుడు అతనికి వీణ తీగ సంగతి గుర్తుచేశాడు. బిగిస్తే పలకదు, వదులైతే పలకదు. ఈ ఉపమానాన్ని మనం ధ్యానం గురించి చెప్పేటప్పుడు తరచుగా వాడతాం. దాన్ని మైదానంలో ఇసుక సంచి మోసే పిల్లలకూ చెప్పాలి, ఎందుకంటే కథ మొదలైంది పగిలిన పాదాల దగ్గరే.

ఆ కథలో మనం తక్కువగా చెప్పుకునే భాగం తర్వాత వస్తుంది. బుద్ధుడు సోణుడి సున్నితమైన పాదాలు చూసి, ఒక పొర అట్ట ఉన్న చెప్పులు వేసుకోమని అతనికి అనుమతి ఇచ్చాడు. సోణుడు ఒప్పుకోలేదు. నా ఒక్కడికైతే వద్దు, సంఘానికంతటికీ అనుమతిస్తే వేసుకుంటాను అన్నాడు. బుద్ధుడు అప్పుడు భిక్ఖువులందరికీ ఆ చెప్పులు అనుమతించాడు. ఒక మనిషి పాదానికి తగిలిన దెబ్బ అందరి పాదాలకూ రక్షణ తెచ్చింది.

బుద్ధుడికీ నడుం నొప్పి వచ్చింది. పావా నగరంలో మల్లులు కొత్తగా కట్టిన సభాశాలలో రాత్రి చాలాసేపు మాట్లాడాక, నడుం నొప్పిగా ఉంది, కాస్త వాలుతాను అని చెప్పి, మిగిలిన ఉపదేశాన్ని సారిపుత్తుడికి అప్పగించాడు. కపిలవస్తులో ఇలాగే ఆనందుడికి అప్పగించాడు. అంతటి గురువు నిండు సభలో నా నడుం నొప్పిగా ఉందని చెప్పడానికి సిగ్గుపడలేదు. ఆయన వాలిన ఆ కాసేపు సభ ఆగిపోలేదు, పక్కనున్నవాడు పని అందుకున్నాడు. నొప్పి ఉన్నవాళ్ళు నోరు తెరిచి చెప్పడం, పక్కవాళ్ళు భారం అందుకోవడం, ఈ రెండూ కలిస్తేనే విశ్రాంతి.

బాబాసాహెబ్ ఈ సంగతిని చట్టంగా మార్చారు. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉండగా, ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే సవరణ బిల్లును ఆయనే ప్రవేశపెట్టారు. 1946లో అది చట్టమైంది. తర్వాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 34వ సెక్షను ఒకటుండేది. గాయం కలిగించేంత బరువును ఏ మనిషి చేతా ఎత్తించకూడదని దాని సారాంశం. లా కాలేజీలో మాకు అది రెండు మార్కుల ప్రశ్న. కానీ ఫ్యాక్టరీ గేటు దాటిన చట్టం ఇంటి గడప లోపలికి రాదు. బిందెకు సెక్షను లేదు.

ఆ ఇంట్లో నీళ్ళ సమస్య ఇలా తీరింది. పద్నాలుగేళ్ళ తమ్ముడు అంతవరకు ఒక్క బిందె ఎత్తి ఎరగడు. మూడు రోజులు వాడే మోశాడు. మొదటి రోజు సగం నీళ్ళు దారిలోనే పోశాడు. ఎదురింటావిడ ఒక పూట కూర పంపింది, మా ఇంటి నుంచి ఒక పూట వెళ్ళింది. రెండో రోజు సాయంత్రం నేను కట్టు చూస్తుంటే నాయనమ్మ తన కాలు ముందుకు చాపింది. చీలమండ పక్కకు తిరిగి ఉంది. పెళ్ళయిన కొత్తలో బొగ్గు తట్టతో పడిందట. మర్నాడు కూడా తట్ట ఎత్తిందట.

“మాకెవులిచ్చారు తల్లీ, మూడ్రోజులు?” అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ గిన్నెలో ఆముదాన్ని ఆ రాత్రి ఆమె మోకాళ్ళకే రాశాం. పాత నొప్పికి, బిగుసుకుపోయిన కీలుకు వేడి నూనె, కాపడం మంచివే. కొత్త దెబ్బకే అవి చెరుపు.

నాలుగో రోజు నుంచి పిల్ల కాలు కదపడం మొదలుపెట్టింది. బొటనవేలితో గాలిలో ‘అ ఆ’లు రాయమన్నాను. చీలమండ అన్ని దిక్కులకూ తిరగడానికి అది మంచి పద్ధతి. నొప్పి పెరగనంత వరకు ఇంట్లో నడిచింది. రెండో వారంలో పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం. బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ బెణకడానికి ముఖ్య కారణం నిలకడ పోవడం, ఒంటికాలి సాధన దాన్ని తిరిగి తెస్తుంది. మూడో వారంలో నెమ్మది పరుగు. ఆ తర్వాతే సంచి, అదీ 5 కిలోలతో మొదలుపెట్టి. కొలత ఒకటే: ఈరోజు చేసినదానికి రేపు పొద్దున వాపు, నొప్పి పెరిగితే ఎక్కువైనట్టు, పెరగకపోతే ఇంకొంచెం పెంచొచ్చు. సోణుడి వీణకు ఇంతకన్నా మంచి శృతి కొలత నాకు తెలియదు. పరీక్ష రోజు 1000 మీటర్లు గడువులోపే పూర్తి చేసింది. ఉద్యోగం సంగతి జాబితా వచ్చాక తెలుస్తుంది.

ఇప్పుడు మా ఆదివారం వందన తర్వాత పిల్లలకు ఇరవై నిమిషాలు సన్నాహక వ్యాయామం నేర్పుతున్నాం. పరుగుకు ముందు ఒళ్ళు వేడెక్కించడం, ఒంటికాలి నిలకడ, మోకాలు లోపలికి వంగకుండా దూకడం. ఒక రేకు పెట్టెలో నాలుగు క్రేప్ బ్యాండేజీలు, కత్తెర, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టాం. పెట్టె మూతకు లోపలివైపు ఒక కాగితం అంటించాం. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళింటికి మూడు రోజులు నీళ్ళు, ఒక పూట వంట ఎవరు చూస్తారో ఆ కాగితంలో పేర్లున్నాయి. సగం పేర్లు మగపిల్లలవే ఉండాలని ఆడపిల్లలు పట్టుబట్టారు, అలాగే రాశాం.

మీ విహారంలో, మీ సంఘంలో ఇలాంటి పెట్టె పెట్టడానికి వెయ్యి రూపాయలు కూడా కావు. బ్యాండేజీలు ఎవరైనా కొనగలరు. ముందు ఆ కాగితం రాయండి.

జై భీమ్. నమో బుద్ధాయ.